పిడికెడు బియ్యం, ఒక పేరు

రాయపూర్ గుఢియారీలో రైలు పట్టాలని ఆనుకుని ఉన్న ఆ బస్తీకి కుళాయి ఒక్కటే. పొద్దున్న ఆరింటికి నీళ్ళొస్తాయి, ఏడున్నరకి పోతాయి. ఆ గంటన్నరలో ముప్ఫై ఇళ్ళ బిందెలు నిండాలి. దాలమ్మ అయిదింటికే వెళ్ళి తన బిందె పెట్టేది. అందరికన్నా ముందు పెట్టేది, అందరికన్నా చివర పట్టుకునేది. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆ బిందెని కాలితో జానెడు వెనక్కి జరిపేది. జానెడు జానెడు జరిగి ఏడు కొట్టేసరికి అది మురిక్కాలవ అంచుకి చేరేది. నీళ్ళు సన్నబడి దారంలా పడుతున్నప్పుడు ఆమె వంతు వచ్చేది. మర్నాడు మొదట నీళ్ళు పట్టే మనిషి కుళాయి మూతికి బూడిద రాసి, తోమి కడిగాక గానీ తన బిందె కింద పెట్టేది కాదు.

పదకొండేళ్ళు ఇలాగే జరిగింది. దాలమ్మ ఒక్కరోజు కూడా నోరెత్తలేదు.

ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళకి ఆమె ఏ కులమో మొదట్లో తెలియదు. చెప్పింది నాంచారమ్మ. నాంచారమ్మది కూడా శ్రీకాకుళం జిల్లాయే, దాలమ్మ పుట్టిన ఊరికి మూడు కోసుల దూరం. మొగుడు భీమారావు రైల్వేలో పాయింట్స్‌మన్. పరాయి రాష్ట్రంలో సొంత ఊరి మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది అంటారు. నాంచారమ్మకి లేచొచ్చింది మాత్రం మాలపేట ఎటువైపు ఉండేదన్న జ్ఞాపకం. దాని మీద కిరస్తానీ. ఒక్కటైతే సర్దుకునేవాళ్ళేమో, రెండూ కలిసొచ్చాయి.

"ఒలే దాలమ్మా, బిందె అవతల ఎట్టుకో. దేవుడి నీళ్ళు పట్టుకోవాల."

"అలగే వొదినా."

గ్యాంగ్‌మన్ పని చేసే మొగుడు జోగయ్య ఈ 'అలగే' విని పళ్ళు కొరికేవాడు. "నోరు నేదేటి నీకు? గురువారం కూటంలో మైలు దూరం ఇనబడతాది గదా ఆ నోరు!"

"నీళ్ళకాడ నోరిప్పితే బిందెలోకి నీళ్ళొస్తాయా? ఊరుకో మావా."

అతను అన్నది నిజమే. గురువారం మధ్యాహ్నం ఆ ఒంటిగది ఇంట్లో అయిదుగురు ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుంటే, దాలమ్మ గొంతు పట్టాల మీద పోయే గూడ్సుబండి మోతని దాటి వినబడేది. చదువు రాదు. వాక్యాలు నోటికి రావు. కానీ పేర్లు వచ్చు.

పేర్ల సంగతి చెప్పాలంటే బియ్యం డబ్బా సంగతి చెప్పాలి. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వెయ్యడం ఆమెకి తల్లి నేర్పిన అలవాటు. తెలుగు సంఘాల్లో ఎన్నో ఇళ్ళలో ఉన్నదే. నెలాఖరుకి ఆ బియ్యం సంఘం సంచిలో పోస్తే పాస్టరుగారింటికో, లేనివాళ్ళకో చేరుతుంది. దాలమ్మ దానికి తన సొంతది ఒకటి కలిపింది. పిడికిలి డబ్బా మీద విప్పేముందు ఒక పేరు అనేది. విశ్వాసం కోసం దెబ్బలు తిన్నవాళ్ళ పేరు, జైల్లో ఉన్నవాళ్ళ పేరు, ఊరొదిలి పోయినవాళ్ళ పేరు. ఆదివారం ఆరాధనలో సంఘ పెద్ద దానయ్య పత్రికలోంచి ఆ పేర్లు చదివితే చెవిన పట్టుకొచ్చేది. ఆయన రిటైరైన రైల్వే గుమాస్తా, అక్షరం పొల్లుపోకుండా చదువుతాడు. చైనాలో చెరలో ఉన్న ఒక పాస్టరు పేరు ఎంత తిప్పినా ఆమె నోరు తిరగలేదు. "చైనా తమ్ముడు" అని పిడికిలి విప్పేది. "దేవుడికి అడ్రసు తెలుస్తాదిలే" అనేది.

పొద్దున్న ఒక పేరు, సాయంత్రం ఒక పేరు. డబ్బాలో ఉన్నది బియ్యమా, మనుషులా అన్నట్టుండేది ఆమెకి.

తొంభై తొమ్మిది జనవరిలో ఒక గురువారం ఊర్మిళ కూటానికి ఆలస్యంగా వచ్చింది. ఊర్మిళ ఛత్తీస్‌గఢీ మనిషి, మహానది అవతల పల్లెలో పుట్టింది. గుఢియారీ రైసుమిల్లులో బస్తాలు మోసే కూలి. దాలమ్మ అదే మిల్లులో నూకలు చెరుగుతుంది, కూలికొచ్చే ఆ నూకలే ఇంటి బియ్యం. రెండేళ్ళ కింద ఊర్మిళా, ఆమె అన్న బుధారూ, వదిన ఫూల్‌బాయీ రాయపూర్ సంఘంలోనే బాప్తిస్మం తీసుకున్నారు. బుధారూ పల్లెలో సొంత పొలం చేసుకుంటున్నాడు.

"కా కరబో, దీదీ?" అంది ఊర్మిళ గుమ్మంలోనే కూలబడి. ఏం చేద్దాం అక్కా, అని. తర్వాత హిందీలో చెప్పింది. దీపావళి పోయిన వారానికి ఊరు కూర్చుని బుధారూ ఇంటికి హుక్కా-పానీ బందు పెట్టింది. వాళ్ళతో పలికితే జరిమానా. బావిలో చేద వెయ్యకూడదు. కొట్లో ఉప్పు ఇవ్వరు. మంగలి రాడు. ఫూల్‌బాయికి ఇప్పుడు అయిదో నెల, మంత్రసాని ఆ వీధిలోంచి నడవడం కూడా మానేసింది. ఏసుని వదిలి, ఊరందరికీ విందు పెట్టి కాళ్ళ మీద పడితే బందు తీస్తారట.

అందరూ మోకాళ్ళూనారు. దాలమ్మ మొదలుపెట్టింది. "పెబువా, బుధారూని గేపకం సేసుకో. ఫూల్‌బాయిని గేపకం సేసుకో. ఆళ్ళకి నీళ్ళు నేవు తండ్రీ. ఆళ్ళ కాడికి ఎవలినైనా పంపు..."

అక్కడ ఆగిపోయింది.

వెనకనున్న ఆడవాళ్ళు ఆమె ఏడుస్తోందేమో అనుకున్నారు. ఏడవలేదు. 'ఎవలినైనా' అన్న మాట దగ్గర నాలుక మొరాయించింది. ఇన్నేళ్ళుగా ఎన్ని వందలసార్లు అన్నదో ఆ మాట. చైనా తమ్ముడి దగ్గరికి ఎవర్నో పంపమంది, సముద్రాలున్నాయి గనక సరే. ఇది రాయపూర్ తెలీబంధాలో బస్సెక్కితే పూటలో చేరే ఊరు. ఎవర్ని పంపమంటున్నట్టు? ఎవరున్నారు?

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు మిల్లులో చేట చేతిలో ఉంది గానీ నూకలు ఎటు పడుతున్నాయో చూసుకోలేదు. మేస్త్రీ తిట్టాడు. చెయ్యి ఊరికే డబ్బా వైపు పోతోంది, పేరు నోట్లోకొస్తోంది, పిడికిలి విప్పబుద్ధి కావడం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక దానయ్య దగ్గర నిలబడింది.

"పెద్దయ్యా, ఈ నెల బియ్యం నాను సంచీలో పొయ్యను. బుధారూ ఇంటికి అట్టుకెళ్తాను."

"అది సంఘం బియ్యం దాలమ్మా."

"బియ్యం సంఘానిదే. కస్టాల్లో ఉన్నోళ్ళ పేర్లు సెప్పి ఏసినాను గదా."

దానయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. భయస్థుడు, భయానికి కారణాలు కూడా ఉన్నవాడు. "అమ్మా, నా మాట విను. ఆశ పెట్టి మతం మార్పిస్తే జైలు అని ఈ మధ్యప్రదేశ్‌లో ముప్ఫై ఏళ్ళుగా చట్టం ఉంది. నువ్వు బియ్యం మూటతో ఆ ఊళ్ళో దిగితే ఎర వేశావంటారు. నీతో పోదు, సంఘం మీదకి వస్తుంది. ఇంట్లో కూర్చుని ప్రార్థన చెయ్యి. ప్రార్థనని ఎవడూ పట్టుకోలేడు."

"అందుకే గావాల పెద్దయ్యా, అది ఎవలికీ అందట్నేదు" అంది దాలమ్మ.

అన్నాక తనే ఉలిక్కిపడింది. అలా ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు.

జోగయ్య ఆపలేదు. ఆపితే ఆగుతుందనీ అనుకోలేదు. "ఎల్లు. ఆ ఊరోళ్ళు నీకు హారతెత్తుతారు" అన్నాడు. కాసేపాగి, "నా స్వెట్టరేసుకో. నదిగట్టున సలి" అన్నాడు.

బుధవారం ఊర్మిళతో కలిసి తెలీబంధాలో బస్సెక్కింది. మూట ఒళ్ళో పెట్టుకుంది. నది దాటి, బస్సు దిగి, ఇద్దరూ పొలాల గట్ల మీద నడిచి ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఊళ్ళోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. రచ్చ దగ్గర బీడీలు కాలుస్తున్న మగవాళ్ళు ఊర్మిళని చూసి తలలు తిప్పుకున్నారు, తిప్పుకుని కళ్ళు మాత్రం వెంట పంపారు. తన ఊళ్ళోనే పరాయిదానిలా ఊర్మిళ కొంగు ముందుకి లాక్కుంది. కుళాయి దగ్గర తను రోజూ చేసే పనే అదని దాలమ్మకి అప్పుడు తట్టింది.

ఇంట్లోకి వెళ్ళి చూసి తెల్లబోయింది. మూలనున్న మట్టి కోఠీ, అంటే ధాన్యం దాచే గాదె, నిండుగా ఉంది. పక్కన బస్తాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ ఏడు పంట బాగా పండింది. పొయ్యి మీద మాత్రం నూకల జావ ఉడుకుతోంది.

"ఇంత దాన్యముంటే నూకల జావ తాగతన్నారేటి?" అంది ఊర్మిళతో, తెలుగులో అడుగుతున్నానన్న సంగతి మర్చిపోయి.

బుధారూకి ప్రశ్న తెలుగులో అయినా అర్థమైంది. నవ్వాడు. నవ్వుకి పళ్ళున్నాయి గానీ రంగు లేదు. "ధాన్యం ఉంది దీదీ. ఊళ్ళో మిల్లు గౌంటియాది. ఆడించడు. పక్క ఊరి మిల్లుకి కబురు పెట్టాడు, వాడూ ఆడించడు. రోకటితో దంచుకుంటున్నాం. ఈమె రోకలి ఎత్తలేకపోతోంది."

ఫూల్‌బాయి నడుం మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుంది. ఆమె మోచేతుల దాకా ఊక అంటుకుని ఉంది. గౌంటియా అంటే ఊరి పెద్ద. మిల్లూ అతనిదే, తీర్పూ అతనిదే.

దాలమ్మ మూట విప్పింది. విప్పాక చెయ్యి తనంతట తను అలవాటులో పడిపోయింది. ప్రతి గురువారం తన ఇంట్లో ఏం చేస్తుందో ఇక్కడా అదే చేసింది. వెలుతురు కోసం వాళ్ళని గుమ్మం దగ్గర కూర్చోబెట్టింది. ఫూల్‌బాయి ఒళ్ళో బియ్యం పోసింది. ఆమె తల మీద కుడిచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని, గూడ్సుబండి మోతని దాటే ఆ గొంతుతో, తెలుగులో, ఏసునామంలో ఎత్తుకుంది.

అక్కడ గూడ్సుబండి లేదు. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. వీధిలోంచి చూసినవాడికి ఏం కనబడుతుంది? ఒళ్ళో బియ్యం, తల మీద చెయ్యి, తెలియని భాషలో అరుపులు. దానయ్య చెప్పిన చట్టానికి బొమ్మ గీసినట్టు ఉంది.

కళ్ళు తెరిచేసరికి వాకిట్లో పాతికమంది ఉన్నారు.

"చావల్ దేకే ఈసాయీ బనాథే!" బియ్యమిచ్చి కిరస్తానీల్ని చేస్తోంది, అని ఒకడు అరిచాడు. ఇంకొకడు మూటని తన్నాడు. బియ్యం మట్టిలో చెల్లాచెదరైంది. దాలమ్మ వంగి ఏరబోతే ఎవరో జబ్బ పట్టి లేపారు. ఆమెనీ బుధారూనీ ట్రాక్టరు ట్రాలీ ఎక్కించి ఠాణాకి తీసుకుపోయారు. మిగిలిన బియ్యాన్ని గుడ్డలో కట్టి సాక్ష్యమని పట్టుకొచ్చారు. ఊర్మిళ గట్లకి అడ్డంపడి ట్రాలీ వెనకే ఠాణాకి పరిగెత్తింది.

ఠాణాలో ఎస్సై, అక్కడి మాటలో దరోగా, కుర్చీలో, గౌంటియా ఎదురు కుర్చీలో, దాలమ్మ నేల మీద. తెల్లచొక్కా గౌంటియా చాలా మర్యాదగా మాట్లాడాడు. అరిచేవాళ్ళని బయటే ఉంచాడు. ఒక కాగితం రాయించాడు. దరోగా చదివి చెప్పాడు: బియ్యమిచ్చి వీళ్ళని మతం మార్చాను, తప్పైంది, మళ్ళీ ఈ ఊరు రాను. కింద బుధారూ కోసం ఇంకో ముక్క: బియ్యానికి ఆశపడ్డాను, తిరిగి వస్తున్నాను.

"ఇద్దరూ వేలిముద్ర వెయ్యండి. కేసు లేదు, గొడవ లేదు. రేపటినుంచి బావి వాళ్ళదే" అన్నాడు గౌంటియా. "మాక్కూడా కడుపుతో ఉన్న ఆడదాన్ని కష్టపెట్టాలని ఉంటుందా, బాయీ?"

దరోగా సిరా పెట్టె తోశాడు. "అంగూఠా లగావ్, ఘర్ జావ్." వేలిముద్ర వెయ్యి, ఇంటికి పో, అని.

దాలమ్మ బుధారూ వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. నీళ్ళు. ఒక్క వేలిముద్రకి నీళ్ళు. ఫూల్‌బాయికి మంత్రసాని, ఉప్పు, మిల్లు, అన్నీ ఆ సిరాపెట్టెలో ఉన్నాయి. తనకి ఇల్లుంది. కేసైతే జోగయ్య ఉద్యోగానికి ఏమవుతుందో తెలియదు. అలగే అంటే సరిపోతుంది. పదకొండేళ్ళుగా అన్నమాటే. నోటి చివర్న తయారుగా ఉంది.

బొటనవేలు సిరాలో పెట్టింది కూడా.

ఎదురుగా బల్లమీద సాక్ష్యం మూట. గుడ్డ సందులోంచి నాలుగు గింజలు జారి పడ్డాయి. మట్టి కొట్టుకున్న నూకలు. తను చెరిగినవే. ఆ గింజల మీద ఎవరెవరి పేర్లు అన్నదో ఆమెకి తెలుసు. ఇప్పుడు వాటి మీద ఎర అని రాసి వేలిముద్ర వెయ్యమంటున్నారు.

"సాబ్, ఏక్ బాత్ పూఛూం?" ఒక మాట అడగనా, అంది.

"పూఛ్."

ఆమె హిందీ వంకర హిందీ, మిల్లులో నేర్చుకున్నది. సగంలో తెలుగు పడుతుంది. ఆ మాటల్ని నిలువుగా చెప్పుకుంటే ఇదీ: "బుధారూ ఇంట్లో గాదె నిండా ధాన్యముంది. పన్నెండు బస్తాలు బయటున్నాయి. అన్ని వడ్లున్న మనిషి, నా కుంచెడు నూకలకి దేవుణ్ణి అమ్ముకుంటాడా సాబ్? వడ్లున్నవాడు నూకలెందుకు తింటున్నాడో అడగండి. మిల్లు ఎవరిదో అడగండి."

గౌంటియా కాగితాన్ని తన వైపు లాక్కున్నాడు.

దరోగా బుధారూని అడిగాడు. "నీ కోఠీలో ధాన్యం ఉందా?"

"ఉంది సాబ్."

"ఎందుకు ఆడించలేదు?"

బుధారూ గౌంటియా వైపు చూశాడు. అంతే, చూశాడు. చెప్పాల్సినదంతా ఆ చూపులో ఉంది. తర్వాత రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. "నేను వెయ్యను సాబ్" అన్నాడు.

దాలమ్మ సిరా అంటిన వేలిని జోగయ్య స్వెట్టరుకి తుడుచుకుంది.

దరోగా నవ్వాడు. ఆ నవ్వుకి అర్థం న్యాయం అనుకునేరు. "తెలివైనదానివే. కానీ బియ్యమిచ్చింది నిజం. తలమీద చెయ్యి పెట్టింది నిజం. సాక్షులు పాతికమంది" అని కేసు రాసుకున్నాడు. బందు పెట్టిన సంగతి రాయమంటే, "దానికి వేరే అర్జీ పెట్టుకోండి" అన్నాడు. బుధారూని ఇంటికి పొమ్మన్నాడు. దాలమ్మకి మాత్రం జామీను కావాలి. ఇంటిమనిషి పనికిరాడు, పర్మనెంటు ఉద్యోగం ఉన్న వేరే మనిషి రావాలన్నాడు. గుమ్మం బయటున్న ఊర్మిళ ఆ మాట విని బస్సుకి పరిగెత్తింది.

ఊర్మిళ కబురు పట్టుకుని గుఢియారీ చేరేసరికి జోగయ్య అప్పుడే డ్యూటీ దిగాడు. సమ్మెట భుజాన్నుంచి దించకుండానే దానయ్య ఇంటికి పరిగెత్తాడు. దానయ్య మొహం పాలిపోయింది. లోపలికి వెళ్ళి ఇనప్పెట్టెలోంచి ఒక కాగితం తెచ్చాడు. రెండేళ్ళ కింద బుధారూ వాళ్ళకి బాప్తిస్మం ఇచ్చినప్పుడు కలెక్టరాఫీసుకి తెలియజేసి ముద్ర వేయించుకున్న రసీదు. "ఇది చూపించు. బియ్యానికి రెండేళ్ళ ముందే ఇష్టపడి వచ్చారని తేదీయే చెబుతుంది" అన్నాడు.

"మీరు రారేటి పెద్దయ్యా?"

దానయ్య కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కాగితం వెళ్ళింది. మనిషి వెళ్ళలేదు.

జామీను ఎవరిస్తారు? జోగయ్య సంఘంలో ముగ్గుర్ని అడిగాడు. ముగ్గురూ ప్రార్థన చేస్తామన్నారు. బస్తీలోకొచ్చి వాకిట్లో నిలబడి ఏం చెయ్యాలో తెలియక సమ్మెటతో నేలని ఊరికే పొడుస్తున్నాడు. ఎదురింటి గుమ్మంలోంచి నాంచారమ్మ అంతా విన్నది. వినకూడని మాట వినడంలో ఆ బస్తీలో ఆమెని మించినవాళ్ళు లేరు.

"ఏటయ్యా, ఇంట్లో కూకున్నావు?" అని లోపలికి కేకేసింది మొగుడికి. "లెగు. బస్సెళ్ళిపోద్ది."

"నాకెందుకే ఆళ్ళ గోల?" అన్నాడు భీమారావు చొక్కా వెతుక్కుంటూనే.

"నీళ్ళకాడ నాకూ దానికీ లచ్చ ఉంటాయి. అది మా గొడవ. ఏ ఊరోడో మా లైను ఆడదాన్ని ఠాణాలో కూకోబెడితే సూస్తా ఊరుకుంటామేటి? లెగు!"

జోగయ్యతో పాటు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆఖరి బస్సెక్కారు. తెల్లారాక భీమారావు సంతకం పెట్టాడు. ఠాణా మెట్లు దిగుతూ దాలమ్మ నాంచారమ్మని చూసి నిలబడిపోయింది. చేతులు జోడించబోయింది.

"అలా సూడకు. సంతకం ఆయన ఎట్టినాడు, నానేం ఎట్టనేదు" అని నాంచారమ్మ ముందుకి నడిచింది. బస్సులో కూడా రెండు వరసల దూరంలో కూర్చుంది.

ఇది చదివి నాంచారమ్మ మారిపోయిందనుకుంటే పొరపాటు. మర్నాడు దాలమ్మ బిందె మళ్ళీ కాలవ అంచుకే చేరింది. ఒక్క సంతకంతో చచ్చే అలవాట్లా అవి?

కానీ దాలమ్మకి నిలకడ పోయింది. అన్నం పెట్టుకుని లేచిపోయేది. ఆదివారం దానయ్య పత్రికలోంచి ఒక పేరు చదవగానే వెనకనుంచి లేచేది. "పెద్దయ్యా, అది ఎంత దూరం? ఎవలెళ్తన్నారు?" మొదట్లో నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. "ఆరాధనలో ఈ ఆరాలేంటమ్మా?" అన్నారు. ఆమె కూర్చునేది, మళ్ళీ పేరు రాగానే లేచేది. జోగయ్య సెలవు రోజుల్లో నది దాటి వెళ్ళి బుధారూ వడ్లు రెండేసి బస్తాలు బస్సు మీద వేసుకొచ్చేవాడు. గుఢియారీ మిల్లులో ఊర్మిళ ఆడించేది. బియ్యం తిరిగి నది దాటేది. జామీను షరతు ప్రకారం దాలమ్మ ఆ ఊళ్ళో కాలు పెట్టకూడదు. ఆమె కాలు పెట్టలేదు గానీ, ఆమె చెరిగిన బియ్యం పోతూనే ఉంది.

మే నెలలో ఫూల్‌బాయిని తన ఇంటికే పురిటికి తెప్పించుకుంది. ఒక పొద్దున్న అయిదున్నరకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి నీళ్ళడిగింది. ఇంట్లో చెంబుడు నీళ్ళున్నాయి. దాలమ్మ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఆరవుతోంది, నీళ్ళు అప్పుడే బుసకొడుతున్నాయి. నాంచారమ్మ తన బిందె కుళాయి కింద పెట్టింది.

దాలమ్మ వంగి ఆ బిందెని పక్కకి తీసింది. కాలితో కాదు, చేత్తో. తన బిందె పెట్టింది.

"ఇయ్యాల ముందు నాను పడతాను."

"ఏటే! ఠాణాకాడ నోరొచ్చినాదని ఇక్కడ కూడానా?"

"ఒచ్చినాది వొదినా. ఇంట్లో పురుడు. నువ్వు తంతే ఈ బిందె నీ కాలికి తగల్తాది గానీ కదల్దు."

ఒకావిడ ఖాళీ బిందె ఎత్తుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నాంచారమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. బిందె నిండేదాకా అలాగే నిలబడింది. నిండాక, "ఏడినీళ్ళు గావాలంటే మా పొయ్యి రాజుకునుంది" అంది ఎటో చూస్తూ.

ఆడపిల్ల పుట్టింది. మర్నాడు కుళాయి మూతికి ఎవరో మళ్ళీ బూడిద రాశారు. దాలమ్మ ఆ బూడిద తనే కడిగి, తన వంతులో తను పట్టుకుంది. ఆనాటినుంచి ఆమె బిందె ఎక్కడ పెడితే అక్కడే ఉంటోంది.

రెండువేల సంవత్సరం నవంబరులో కొత్త రాష్ట్రం వచ్చింది. రాయపూర్ రాజధాని అయింది. కచేరీల ముందు మధ్యప్రదేశ్ బోర్డులు దించి ఛత్తీస్‌గఢ్ బోర్డులు ఎక్కించారు, బాణసంచా కాల్చారు. దాలమ్మ కేసుకి మాత్రం కొత్త బోర్డు కింద పాత వాయిదాయే పడింది. సాక్షులు రారు. కేసు పోదు. నది అవతల బావిలో బుధారూ చేద ఇప్పటికీ పడలేదు. బందు మీద ఊర్మిళ పెట్టించిన అర్జీ ఏ బల్ల మీద ఉందో తెలియదు. దాలమ్మ పొద్దున్న ఒక పేరు, సాయంత్రం ఒక పేరు చెప్పి పిడికిలి విప్పుతూనే ఉంది. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు.

ఆమెకొక్కతికే ఎందుకు పట్టకూడదు? మీ ఆరాధనలో కూడా పేర్లు చదువుతారు. స్తోత్రం అంటారు, ఆమెన్ అంటారు, బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటారు. ఈసారి పేరు వినబడగానే లేచి అడగండి: ఎంత దూరం, ఎవరు వెళ్తున్నారు? మీ ఊళ్ళో మిల్లుందా, వాళ్ళ వడ్లు ఆడించండి. మీ ఇంట్లో గది ఉందా, పురిటికి పిలవండి. అక్షరం వచ్చా, బందు పెట్టిన ఊరి మీద కలెక్టరుకి అర్జీ రాయండి, జవాబు వచ్చేదాకా రాయండి. ఏసుతో మీకు పనిలేదా? భీమారావుకీ లేదు. సంతకం ఉంది గదా మీ దగ్గర, అది పట్టుకెళ్ళండి. ఎవరి బిందె మీ కాలి దగ్గరుందో కూడా ఒకసారి వంగి చూసుకోండి.

ప్రార్థన మానమని ఎవరూ అనడం లేదు, దాలమ్మ అసలే అనదు. రేపు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తియ్యండి. విప్పేముందు ఒక పేరు అనండి. అన్నాక, చెప్పులేసుకోండి.